ఎవరి అంట?

మా క్లాసువాడొకడు ఫోను చేసి, గొంతు బరువు చేసుకుని, “సారు పోయినాడ్రా” అన్నాడు.

“ఏ సారు?” అన్నాను. ఏ సారో మొదటి మాటకే అర్థమైంది. అయినా అడిగాను. ఆ మనిషి విషయంలో నాకు ఆ మాత్రం సుఖం ఉండకూడదా?

“ఏ సారేందిరా! అంట సారు!”

ఆళ్లగడ్డ హైస్కూల్లో చదివినవాళ్లకు ఇంకో గుర్తు అక్కర్లేదు. పాత విద్యార్థులంతా కలిసి స్కూలు ఆవరణలో ఆయన విగ్రహం పెడుతున్నారట. విగ్రహం మా నాయన పనిచేసిన శిల్పాల షెడ్డులోనే తయారవుతోందట. కింద ఫలకం మీద చెక్కడానికి రెండు ముక్కలు నేను రాసివ్వాలట. నంద్యాలలో తెలుగు లెక్చరరుగా వెలగబెడుతున్నాను కదా.

“ఏం రాయాల?” అన్నాను.

“ఏముందిరా, ఆధారం లేని మాట ఏనాడూ మాట్లాడలేదని రాయి. అంతకన్నా ఏం గావాల ఆయనకు?”

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. వాడు అవతలినుంచి, “ఊరుకోరా, ఏడవగాకు. అందరం పొయ్యేవాళ్లమే” అని ఓదార్చి ఫోను పెట్టేశాడు.

ఆయన మాకు సైన్సు సారు. కాపురం నంద్యాలలో, ఉద్యోగం ఆళ్లగడ్డలో. రోజూ పొద్దున శిరివెళ్ల మీదుగా వచ్చే బస్సులో దిగేవాడు. డ్రైవరు వెనకాల కిటికీ సీటు ఆయనది. ఎవరూ రాసివ్వలేదు, అయినా ఆయనదే. పొరపాటున ఎవరైనా కూర్చుంటే పక్కన నిలబడి, లెమ్మనకుండా, వాళ్లనే చూస్తూ ఉండేవాడు. నాలుగు కిలోమీటర్లు తిరక్కుండానే ఆ మనిషి లేచేవాడు. బస్సులో ఎలా ఉండేవాడో క్లాసులోనూ అలాగే ఉండేవాడు.

చొక్కా జేబులో చిన్న సోంపు డబ్బా ఉండేది. ప్రశ్న అడిగి, ఆ డబ్బా తీసి, ఒక్కొక్క గింజా నోట్లో వేసుకునేవాడు. నిలబడ్డవాడు నీళ్లు నములుతుంటే ఆయన సోంపు నమిలేవాడు. తొందరేమీ ఉండేది కాదు. నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం కదిలేవి. ఆ భుజాలు కదిలాయంటే మాలో ఎవడికో మూడినట్టే. మమ్మల్ని పేర్లు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. తండ్రులు చేసే పనులే మా పేర్లు. “ఏమప్పా పిండి మిషనూ”, “ఏమ్మా చెప్పుల షాపూ”, నేనైతే “ఏమప్పా శిల్పాలూ.” ఐదేళ్లు ఆయన దగ్గర చదివాను. నా పేరు ఆయనకు తెలుసో తెలియదో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఇక ఆ ‘అంట’ సంగతి. మన మాటల్లో ‘అంట’ ఎన్నిసార్లు దొర్లుతుందో మనకు తెలియదు. వానొస్తాదంట, బస్సు లేదంట, వాళ్లమ్మాయి లేచిపోయిందంట. ఆయన చెవికి మాత్రం అది ముల్లులా గుచ్చుకునేది. క్లాసులో ఎవరైనా ఆ మాట అన్నారంటే చేతిలో సుద్దముక్క బల్లమీద పెట్టేవాడు.

“ఎవురి అంట అది?”

చెప్పలేకపోతే బెంచీ ఎక్కాలి. ఆ అంట ఎవరిదో కనుక్కుని వచ్చేదాకా ఆయన పీరియడంతా బెంచీ మీదే. “అంట అంటే దారి తప్పిన గొడ్డప్పా. ఎవురిదో ఒకరిది అయ్యింటాది. పట్టుకోని పోయి ఇంటిది ఇంట్లో కట్టేసి రా” అనేవాడు. ఒకడు వారం రోజులు నిలబడ్డాడు. పాముకు చెవులు ఉండవంట అన్నందుకు.

నేను బడిలో ఉన్న రోజుల్లోనే ఆళ్లగడ్డకు కేబులు వచ్చింది. అంతకుముందు సందుకు ఒక టీవీ ఉంటే గొప్ప. చూస్తుండగానే కరెంటు స్తంభాల మీదుగా నల్ల తీగలు పాకాయి. టీవీలతోపాటే టీవీల మీద మాటలూ వచ్చాయి. టీవీ చూస్తే కళ్లు పోతాయంట, మెదడు కరిగిపోతాదంట, పిల్లోళ్లు మొద్దులైపోతారంట. ఇవన్నీ విని ఆయన ఒకరోజు తొమ్మిదో తరగతిలో, అంటే మా క్లాసులో, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు: టీవీ చూస్తే మెదడు చెడిపోతుంది.

“ఎడమ పక్క బెంచీలోళ్లు ఇది నిజమనాల. కుడి పక్కోళ్లు అబద్ధమనాల. కానీండి.”

చెప్పుల షాపాయన కూతురు లేచింది. “మా పక్కింట్లో అక్క టీవీ చూసి చూసి ఫెయిలైంది సార్. నేనే చూసినా. అంట గాదు.”

“భలే. అంట లేకుండా చెప్పినావ్. కానీ ఆయమ్మి టీవీ చూసినందుకు ఫెయిలైందా, చదువంటే గిట్టక టీవీ ముందర కూసునిందా? ఏది ముందు?”

ఆ పిల్ల కూర్చుంది. సోంపు డబ్బా బయటికొచ్చింది.

కుడి పక్కనుంచి ఒకడు, “మా అన్న దినామూ చూస్తాడు సార్. ఫస్టు క్లాసు వచ్చింది” అన్నాడు. మా వైపు చప్పట్లు కొట్టాం.

“మీ అన్న ఒక్కణ్ణి పట్టుకోని ఊరంతటికీ తీర్పు చెప్తావా? చూడకపోయింటే మీ అన్నకు ఇంగా ఎన్ని మార్కులొచ్చేవో నీకు తెల్చా?” అన్నాడు. చప్పట్లు ఆగిపోయాయి. “సరే, మెదడు చెడిపోవడమంటే ఏందప్పా? అన్నం పాసిపోయినట్ల పాసిపోతాదా? తలకాయ వాసనొస్తాదా? ముందు ఆ మాటకు అర్థం చెప్పండి, తర్వాత కొట్లాడండి.”

అరగంట అయ్యాక అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మార్చాడు. ఇంతసేపూ నిజమన్నవాళ్లు అబద్ధమనాలి. అప్పుడుగానీ మా వాదనలో ఎక్కడెక్కడ బొక్కలున్నాయో మాకు తెలిసిరాలేదు. గంట కొట్టే ముందు ఎవరో అడిగారు. “ఇంతకూ ఏది కరెక్టు సార్?”

“నాకు తెల్దు. తెల్దని చెప్పనీకి సిగ్గుపడొద్దు.”

ఈ మాట రాస్తుంటే నా ఒళ్లు మండుతోంది. ఎందుకంటే అది మంచి పాఠం. అంత మంచి పాఠం నేను ఇన్నేళ్లలో ఒక్కటి చెప్పలేదు. ఆయనకు పాఠం చెప్పడం రాకపోయుంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

గంట కొట్టకముందే నేను లేచాను. నాకు టీవీ గొడవ ఆటగా లేదు.

మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ కుట్టుపని మీదే ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ కొనుక్కుంది. మా అవ్వ, అంటే నాయన తల్లి, వద్దంటున్నా కొనుక్కుంది. దాన్ని మిషను ఎదురుగా మూలన పెట్టుకుని, చూస్తూ కుట్టుకునేది. మా చెల్లికి అప్పుడు ఏడేళ్లు. టీవీ వచ్చిన కొన్నాళ్లకు ఒక సాయంత్రం దానికి ఫిట్సు వచ్చాయి. టీవీ ముందరే పడి కొట్టుకుంది. తర్వాత ఇంకోసారి. మా అవ్వ అందుకుంది. “టీవీ చూస్తే పిల్లోళ్లకు ఫిట్సు వస్తాయంట. మహాతల్లి సోకు కోసరం తెచ్చి పిల్లదాన్ని నాశనం చేసె.” నిజానికి చెల్లికి టీవీ రాకముందే, పెండ్లికని శిరివెళ్లకు పోయినప్పుడు ఒకసారి వచ్చాయి. అది దిష్టిలెమ్మని అవ్వ లెక్కలోకి తీసుకోలేదు.  చెల్లి పడిన ప్రతిసారీ నాయన టీవీ ఉన్న మూలకు చూసేవాడు, తర్వాత అమ్మను చూసేవాడు. అమ్మ తల ఎత్తేది కాదు.

అందుకే ఆ రోజు నిలబడి అడిగాను. “సార్, టీవీ వల్ల మా చెల్లికి ఫిట్సు వచ్చినాయంట. నిజమేనా?”

ఆయన కాదంటే చాలు. పరుగెత్తుకుంటూ పోయి ఇంట్లో చెప్పాలని నా ఆశ. ఇప్పుడే కదా, ఏదీ నమ్మొద్దని అంత గొప్పగా చెప్పాడు.

ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టాడు.

“ఎవురి అంట అది, శిల్పాలూ?”

“మా అవ్వ...”

“మీ అవ్వకు ఎవురు చెప్పినారు? కనుక్కోని రా. అంతదాకా బెంచీ మీద ఉండు.”

ఇంట్లో పిల్ల పడిపోతోందని చెప్పిన తొమ్మిదో తరగతి పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించాడు మహానుభావుడు. మూడు రోజులు ఎక్కాను. నా మోకాళ్ల పక్కనుంచి అమ్మాయిలు నవ్వుకుంటూ వెళ్లేవాళ్లు.

మొదటిరోజు సాయంత్రం అవ్వను పట్టుకున్నాను. “ఎవురు జెప్పినారవ్వా నీకు?” “లోకమంతా అనుకుంటాండారు. నీకొక్కనికే తెల్దు” అంది. నేను వదల్లేదు. చివరికి పిండి మిషను బాషన్న చెప్పాడంది. రెండోరోజు పిండి మిషను దగ్గరికి పోయాను. మిషను ఆపి మరీ విన్నాడు పాపం బాషన్న. “నాకు మన సూది డాక్టరు చెప్పినాడు నాయనా. నేనేమన్నా సదువుకున్న్యానా? ఆయప్ప చెప్పినాడు, నేను మీ అవ్వకు చెప్తి” అన్నాడు. మూడోరోజు ఆ సూది డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన ఆరెంపీ. జలుబైనా జ్వరమైనా ఒక సూది వేసి పంపేవాడు.

“నేను సొంతంగా ఎందుకంటానప్పా? మావోడు టెన్త్ గదా. పరీక్షల ముందర పేరెంట్స్ మీటింగు పెట్టినారు, పోయినా. మీ సైన్సు సారే చెప్పె. టీవీ మెదడును తినేస్తాది, పిల్లోళ్లకు ఫిట్సు గూడ వస్తాయి, ఇంట్లో టీవీలు కట్టిపెట్టండి అని మైకులో చెప్పె. నా చెవులతో నేనిన్న్యా.”

నేను వీధిలోకి వచ్చాను. మూడు రోజులు ఏ గొడ్డు ఇల్లు వెతుక్కుంటూ తిరిగానో, అది నన్ను బెంచీ ఎక్కించినవాడి ఇంటిదే.

ఇంటికి పోయి నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. నాయనతో చెప్పాను. “ఆ మాట మా సారే పుట్టించినాడు నాయనా” అని చెప్తే అది వట్టిమాటని ఆయనకు అర్థమవుతుందనుకున్నాను. మా నాయనకు చదువు అంతంతమాత్రం. శిలాఫలకాల మీద చెక్కాల్సిన అక్షరాలు తప్పు లేకుండా కాగితం మీద రాసిచ్చేది ఆ సారే. ఒక్క అక్షరం తప్పుపోతే రాయి దండగ. సారు రాసిచ్చిన కాగితంలో ఒక్కనాడూ తప్పు పోలేదు. నాయన నా మాట విని కాసేపు మీసం దువ్వుకున్నాడు.

“సారే అన్నాడా? అయితే నిజమే.”

అప్పటిదాకా అది అవ్వ మాట. ఆ క్షణంనుంచి సారు మాట అయింది. మా అమ్మను ఇరికించింది అవ్వ కాదు, ఊరు కాదు, నేను. మర్నాడు పొద్దున్నే నాయన టీవీని షెడ్డులో వాళ్లెవరికో ఇచ్చేశాడు. అమ్మ అడ్డుచెప్పలేదు. మూల ఖాళీ అయింది. అమ్మ మిషనును గోడవైపు తిప్పుకుంది.

నాలుగోరోజు క్లాసు. ఆయన వచ్చాడు, సుద్ద తీశాడు, నావైపు చూశాడు.

“దొరికెనా శిల్పాలూ, అంట యజమాని?”

“దొరికినాడు సార్.”

“ఎవురు?”

“మీరే సార్.”

 వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు. ఆయన సోంపు డబ్బా తీయబోయి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. 

“నేనా? ఎవురు జెప్పినారు?”

చెప్పాను. అవ్వ, బాషన్న, సూది డాక్టరు, పేరెంట్స్ మీటింగు, మైకు. ఆయన నేర్పినట్టే వరసగా చెప్పాను.

“ఆ డాక్టరు చెప్పినాడంట! నువ్వు ఉండావా ఆడ? నువ్వు ఇన్న్యావా? అయితే అది గూడ అంటనే గదప్పా!” అన్నాడు. భుజాలు కదిలాయి. క్లాసంతా నవ్వింది, ఆయన నవ్వమన్నాడు కాబట్టి. ఆ తర్వాత బెత్తం తీసుకుని నా రెండు చేతుల మీదా కొట్టాడు. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టలేదు. “పెద్దోళ్లను ఎదిరించనీకి గాదు నేను ప్రశ్నలు నేర్పింది.”

మరి ఎందుకు నేర్పాడో చెప్పలేదు. బోర్డు వైపు తిరిగి కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టాడు.

ఇంటికొచ్చాక నాయన నా అరచేతులు చూసి, “సారు కొట్టినాడంటే నువ్వేందో చేసింటావ్లే” అని ఊరుకున్నాడు.

టీవీ పోయింది కదా, ఇంక ఫిట్సు రావని ఇంట్లో ధీమా. అందుకే ఏడాదిపైన చెల్లిని ఏ డాక్టరుకూ చూపించలేదు. మధ్యలో రెండుసార్లు పడితే, పాత టీవీ ప్రభావం ఇంకా దిగలేదని అవ్వ సర్దిచెప్పింది. మూడోసారి పొయ్యి దగ్గర పడింది. కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. అప్పుడు తీసుకుపోయారు కర్నూలు పెద్దాసుపత్రికి. అక్కడి డాక్టరు మాత్రలు రాసి, “ఇది మెదడులో ఉన్న జబ్బమ్మా. కొంతమందికి మినుకుమినుకుమనే వెలుతురు పడదు, అది నిజమే. కానీ ఈ పాపకు నిద్రలో కూడా వస్తున్నాయంటున్నారు. టీవీ కాదు కారణం. ముందే తేవాల్సింది” అన్నాడు. మాత్రలు వాడితే తగ్గాయి. చెల్లి బాగానే ఉంది, ఇప్పుడు అదే బడిలో టీచరు. చెయ్యి మాత్రం అలాగే ఉంది. పొట్టి చేతుల జాకెట్టు వేసుకోదు.

డాక్టరు మాట నాయన విన్నాడు. విని, తిరుగు బస్సులో, “ఆయన ఎవురో కొత్తోడు. మన సారు ఊరికే అంటాడా?” అన్నాడు. అమ్మ కిటికీ వైపు తిరిగింది. నాకు ఆ బస్సులోంచి దూకి నంద్యాలకు పరిగెత్తి, ఆ మనిషి చొక్కా పట్టుకుని, ఒక్క మాట చెప్పి పోరా నాయనా అని అడగాలనిపించింది. ‘భయపెట్టడానికి అన్నాను, నా దగ్గర ఆధారం లేదు.’ ఇంతే. ఆ ఒక్కమాట ఆయన నోటినుంచి మా నాయన చెవిలో పడితే మా అమ్మ తలెత్తుకునేది. అప్పట్నుంచీ నాకు కావలసింది అదొక్కటే.

టెన్త్ అయ్యాక ఒకసారి అడుగుదామనే ఆయన ఇంటికి పోయాను. నంద్యాలలో సంజీవనగరం దాటాక మేడమీద వాటా. తలుపు తీసే ఉంది. లోపల కలరు టీవీ, దానికి చేత్తో అల్లిన గుడ్డ, ముందు కుర్చీలో బనియనుతో ఆయన. క్రికెట్టు వస్తోంది. నన్ను చూసి ఏమాత్రం కంగారు పడలేదు.

“చూస్తాండావేంది శిల్పాలూ? నేను చూస్తే వేరు. నేను ప్రశ్నలు అడుక్కుంటా చూస్తా.”

ఎవరో అవుటయ్యారు. “అయ్యో, తూ!” అన్నాడు తొడమీద కొట్టుకుంటూ. ఏం ప్రశ్న అడిగాడో నాకు వినపడలేదు. అడగాల్సింది అడక్కుండానే మార్కుల లిస్టు మీద సంతకం చేయించుకుని దిగివచ్చాను.

ఏళ్లు గడిచాయి. నేను లెక్చరరునయ్యాను. నంద్యాలలో సందుకొక ఇంటర్‌నెట్ సెంటరు వచ్చింది, పిల్లల చేతుల్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి. ఒకరోజు క్లాసులో ఒకడు, “కంప్యూటరు ముందర కూసుంటే జ్ఞాపకశక్తి పోతాదంట సార్” అన్నాడు. నా చెయ్యి దానంతటదే సుద్దముక్కను బల్లమీద పెట్టింది. “ఎవరి అంట అది?” అన్నాను. గొంతు కూడా ఆయనదే వచ్చింది. చచ్చేంత అసహ్యం వేసింది. అయినా ఆ పీరియడంతా అదే చెప్పాను. ఎవరన్నారు, ఏది ముందు, ఒకరిని చూసి అందరి మాటా ఎలా చెప్తాం, చెడిపోవడమంటే ఏమిటి. ఎవరినీ బెంచీ మాత్రం ఎక్కించలేదు. నాకు తెలియదని చెప్పాను. పిల్లలకు నచ్చింది. ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేదు.

ఆయన రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం నంద్యాల బస్టాండులో కనిపించాడు. నేను ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడ్డాను. ఆయన డోన్‌లో కూతురింటికి పోతున్నాడు. చిక్కిపోయాడు. చేతిలో మందుల సంచి. జేబులో డబ్బా మాత్రం ఉంది. ఆయనే పిలిచాడు.

“శిల్పాలూ! నువ్వేనా? లెక్చరరు అయితివంట గదా.”

“ఎవురి అంట సార్?” అన్నాను.

భుజాలు కదిలాయి. డబ్బా తీసి నాకు సోంపు ఇవ్వబోయాడు. నేను చెయ్యి చాపలేదు. కొంచెంసేపు గింజలు అరచేతిలోనే పెట్టుకుని ఉండి, నావైపు చూడకుండా అన్నాడు. “ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమేలేప్పా. మీటింగులో నేనే అన్న్యా. పిల్లోళ్లు పరీక్షల ముందర టీవీలకు అతుక్కోని ఉండిరి. భయపెడ్తే మాన్తారని అన్న్యా. దానికి ఆధారం ఏం లేదు.”

పదేళ్లకు పైగా నేను వెతుక్కున్న మాట. బస్టాండు రొదలో, పల్లీలమ్మేవాడి కేకల మధ్య, నాకొక్కడికే వినపడేలా చెప్పాడు.

“మా నాయనకు చెప్పండి సార్” అన్నాను.  “నాతోపాటు ఆళ్లగడ్డ బస్సు ఎక్కండి. ఈ మాటే మా నాయన ముందర అనండి. మళ్లీ నేనే తీసుకొచ్చి దిగబెడ్తా. మా అమ్మ ఇప్పటికీ గోడకు మొగం పెట్టి కుడ్తాంది సార్.”

“ఇన్నేళ్లకు ఏమిటికప్పా? అయిపోయిందానికి” అన్నాడు. గింజలు మళ్లీ డబ్బాలో పోసుకుని మూత పెట్టాడు. “రిటైరైనోన్ని. నా మాటకు ఒక విలువ ఉండాది ఆ ఊర్లో. అది గూడ తీసేస్తావా?”

డోన్ బస్సు వచ్చింది. ఎక్కాడు. డ్రైవరు వెనకాల కిటికీ సీటులో ఎవరో కూర్చుని ఉంటే పక్కన నిలబడి చూశాడు. ఆ మనిషి లేచాడు. ఆయన కూర్చున్నాడు. బస్సు కదిలేదాకా కిటికీ కిందే నిలబడ్డాను, ఒక్కసారైనా చూస్తాడేమోనని. చూడలేదు.

ఆ సాయంత్రం అమ్మతో చెప్పాను. సారు ఒప్పుకున్నాడమ్మా, ఆధారం లేదన్నాడు, భయపెట్టడానికి అన్నాడంట అని. అమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

“మీ నాయన ముందర అంటాడా?”

“అనడంట.”

“అయితే ఇది గూడ అంటనే గదప్పా” అంది. దారం ఎక్కలేదు. మళ్లీ తడి చేసి ఎక్కించుకుంది. “మీ నాయనకు చెప్పగాకు. నీకు నువ్వే పుట్టించినావంటాడు.”

నేను చెప్పలేదు. ఇప్పుడు సారు చచ్చిపోయాడు. ఆ మాట చెప్పగల ఒకే ఒక్క నోరు మూతపడింది. ఇంక ఎవరినడగాలి?

ఫోను వచ్చిన మర్నాడు కాగితం మీద వాళ్లడిగినట్టే ఒక వాక్యం రాసి ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. మా నాయన ఇప్పుడు షెడ్డుకు పోవడం లేదు, చిన్న ఫలకాల పని వస్తే ఇంటి వసారాలోనే చేసుకుంటాడు. సారు ఫలకమని తెలిసి పొద్దున్నే స్నానం చేసి కూర్చున్నాడు. రాయిని తడిగుడ్డతో తుడిచాడు. లోపల అమ్మ మిషను చప్పుడు వినపడుతోంది.

నాయన వాక్యాన్ని ఒకేసారి చదవడు. ఎర్రరంగుతో ఒక్కో అక్షరం రాయి మీద దించుకుంటూ, పైకి అనుకుంటూ చదువుతాడు. దించడం అయ్యాకే ఉలి పడుతుంది. నేను పక్కనే కూర్చున్నాను.

“ఆ... ధా... రం... లే... ని... మా... ట... ఏ... నా... డూ...” కుంచె ముంచుకున్నాడు. “మా... ట్లా... డ... లే... దం... ట.” ఆగాడు. “ఏందిరా, ఈడ సున్నా ఎక్కువ పడింది. ‘ట’ గూడ పడింది. ‘లేదు’ గదా ఉండాల్సింది?”

“తప్పు గాదు నాయనా. అట్లే రాసినా.”

మళ్లీ మొదటినుంచి కూడబలుక్కున్నాడు. ఆధారం లేని మాట ఏనాడూ మాట్లాడలేదంట. కుంచె రాయి మీదే ఉండిపోయింది. ఎర్రరంగు చుక్క ఒకటి కిందికి కారింది.

“లేదంటనా? ఎవురి అంట ఇది?”

నా జన్మలో మా నాయన ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

“నాది” అన్నాను. “నేను ఇన్న్యా నాయనా, నా చెవులతో. నంద్యాల బస్టాండులో. ఆయన నోటితోనే చెప్పినాడు.” మొత్తం చెప్పాను. మైకు, మీటింగు, బెంచీ, బెత్తం, కలరు టీవీ, డోన్ బస్సు. ఏదీ దాచలేదు, ఏదీ కలపలేదు. మధ్యలో ఎప్పుడో లోపల మిషను ఆగిపోయింది. అమ్మ గడప దగ్గరికొచ్చి నిలబడింది.

నాయన ఆమె వైపు తిరిగాడు. “నీకు తెల్చా ఇది?”

“తెల్చు.”

“నాకెందుకు చెప్పలే?”

“నన్ను ఎప్పుడన్నా అడిగితివా?” అంది అమ్మ.

నాయన రాయి వైపు తిరిగి తడిగుడ్డ అందుకున్నాడు.  తుడిపేస్తాడేమోననుకున్నాను. గుడ్డ పక్కన పడేసి ఉలి తీసుకున్నాడు. వరసలో మొదటి అక్షరం నుంచి చెక్కడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం ఉలి తీసుకుపోయి చివరి ‘ట’ మీద పెట్టి సుత్తి ఎత్తాడు.